ముప్పై మీటర్ల లోతున

వంటింట్లో బజ్జీలు వేయిస్తున్నాను. హాల్లో టీవీలో నా వీడియో నడుస్తోంది. అది తనదని చెప్పుకుంటున్నాడు నా మొగుడు భూపేష్.

మొహాన మాస్కు, ఒంటికి నల్ల సూటు, వీపున సిలిండరు. నీళ్ల కింద మనిషి ఆడో మగో ఎవరికి తెలుస్తుంది? ఓడలోకి దూరేది తనేనని బద్వేలు చుట్టాలకు వేలు పెట్టి చూపిస్తున్నాడు. మరి మధులత దిగలేదా అని ఎవరో నా గురించి అడిగారు. మా అత్త ఓబులమ్మ అందుకుంది.

“అది పడవలోనే వాంతులు చేసుకుంటా కూచునిందంట. ఆడోళ్లకు యాడైతాదప్పా అదంతా?”

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

జరిగింది వేరు. చేపలు చేరాలని, పగడాలు పెరగాలని ఓ పాత సరుకుల ఓడను సముద్రంలో కావాలనే ముంచారు. దాన్ని చూడ్డానికి ఇద్దరం డైవింగ్ శిక్షణ తీసుకున్నాం. పది అడుగులు దిగగానే భూపేష్‌కి చెవులు పట్టేశాయి, పైకి వెళ్లిపోయాడు. అందులో తప్పేం లేదు. శిక్షకురాలు జీవితతో నేను ముప్పై మీటర్లు దిగాను. వీడియో తీసింది ఆమే. అక్కడ ఎరుపు రంగే కనబడదు. టార్చి వేస్తే, బూడిదరంగు ఇనుము మీద తుప్పు ఒక్కసారిగా ఎర్రగా వెలిగింది. కిటికీల్లోంచి చేపలు నా భుజాల పక్కగా ఈదిపోయాయి. పద్దెనిమిది నిమిషాలు. పెళ్లయ్యాక నన్నెవరూ పనికి పిలవని పద్దెనిమిది నిమిషాలు అవే.

వాటినీ తీసేసుకున్నాడు. కల్లూరులో నేను డ్రిల్ టీచరుగా చేసే స్కూలు కరస్పాండెంటుకూ ఆ వీడియో చూపించాడు. రేపు ఆడపిల్లలకు సాహసం గురించి మాట్లాడమని ఆయన పిలిచింది భూపేష్‌ని. కుర్చీలు వేయించమన్నది నన్ను.

ఖాళీ ప్లేటుతో భూపేష్ వంటింట్లోకి వచ్చాడు.

“రేపటికి ఓడ లోపల ఎట్లుంటాదో రెండు పేజీలు రాసియ్యి. అంతా ‘నేను’ అనే రాయి.”

స్టవ్ ఆపి, గట్టు మీదే రాశాను. నేను దిగాను. నేను చూశాను. నాకు భయమేసింది, అయినా ఆగలేదు. రాసింది ఒకసారి చదువుకున్నాను. ఇందులో ఒక్క ‘నేను’ కూడా ఇంకొకరికి ఇచ్చేది కాదు.

కాగితాలతో హాల్లోకి నడిచాను. చుట్టాల ముందే చెయ్యి చాపాడు. వాటిని మడిచి నా బ్యాగులో పెట్టుకున్నాను.

“ఓడ కాడికి పోయింది నేను. రేపు మాట్లాడేదీ నేనే,” అన్నాను. “నువ్వు చూసింది నువ్వు రాసుకో.”