లూగర్‌తో వచ్చిన ఉత్తరం

ఆ శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఉన్నది నాన్న, అమ్మ, నేను, అమ్మ తమ్ముడు డెల్బర్ట్ మావయ్య, కొండ అవతలి నుంచి వచ్చిన ఎమెట్ తాత. వీళ్లు కాక వంటింటి బల్ల మీద, అమ్మ రొట్టెల పిండి పిసికే చోట, పచ్చ దుప్పటి పరిచి పడుకోబెట్టిన పదకొండు పిస్తోళ్లు. వాటిని కూడా మనుషుల్లో లెక్కేయకపోతే నాన్న ఊరుకోడు.

కెంటకీలో మా లోయలో తుపాకి లేని ఇల్లు లేదు. కానీ నాన్నవాళ్ల వ్యవహారం వేరు. వాళ్లు కాల్చరు. నెలకోసారి కూడి, ఎవరి పాత పిస్తోళ్లు వాళ్లు తెచ్చి, పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. పట్టుకునేముందు తెల్ల నూలు గ్లవుజులు తొడుక్కుంటారు. వేలి చెమట తగిలితే ఇనుము మీది నీలిపూత పాడవుతుందట. ఆ గ్లవుజులు తీసేసి అవే చేతులతో అమ్మ ఆవముద్ద కూరి చేసిన ఉడికిన గుడ్లు తీసుకుని, వేళ్లు నాకి, మళ్లీ గ్లవుజులు తొడుక్కుంటారు. డెల్బర్ట్ మావయ్య నోట్లో పొగాకు ముద్ద ఉంటుంది. ఉమ్మేయడానికి డబ్బా ఇచ్చినా అమ్మ కాఫీ కప్పులోనే ఉమ్మేస్తాడు. దాన్ని తర్వాత కడగాల్సింది నేను. ఆ రోజు వంటింటి నిండా తుపాకి నూనె, పొగాకు, గుడ్లు, ఈ మూడు వాసనలే.

అన్నిటికన్నా వాళ్లకి ప్రాణం జర్మన్ల లూగర్ పిస్తోలు. దాని ప్రతి చిన్న ముక్క మీదా అంకెలు చెక్కి ఉంటాయి. అన్నీ ఒకటే అయితే అది పుట్టినప్పటి నుంచి చెక్కుచెదరలేదని అర్థం. నాన్నకి ఒకటుంది, మావయ్యకి ఒకటుంది, రెండూ ఒకే ఏడాదివి. ఆ రోజు గంటసేపు భూతద్దం పెట్టి రెండిటినీ పోల్చారు. నాన్నదాంట్లో ఒక ముక్క మీద అంకె తేడా వచ్చింది.

"బావా, నీదానికి కట్టుడు పన్నుంది," అన్నాడు మావయ్య.

"పన్ను కట్టుడుదైతేనేం, నాదానికి నోరుంది," అని నాన్న లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవరులో ఒక ఉత్తరం తెచ్చాడు. ఆ లూగర్‌ని రెండో ప్రపంచ యుద్ధం నుంచి ఇంటికి తెచ్చిన సిపాయి వాళ్ల అమ్మకి రాసిందట. అలాంటి కాగితం తోడుంటే పిస్తోలు స్థాయే మారిపోతుంది.

ఆ కవరులో ఉన్నది నా చేతిరాత.

రెండు వారాల కిందట నాన్న నన్ను పిలిచి, ఒక పాత ఉత్తరం పొడి అయిపోతోంది, నేను చదువుతాను, నువ్వు నీ మంచి చేతిరాతతో కాపీ చెయ్యి అన్నాడు. మా రెండు గదుల బళ్లో ప్రూయిట్ టీచరు వేలి కణుపుల మీద కొట్టి మరీ పాతకాలపు వాలు అక్షరాలు నేర్పింది. ఇప్పుడలా ఎవరూ రాయరు. నాన్న నన్ను ఒక పనికి అడగడం, అదీ నా చేతిరాత మంచిదని అడగడం నాకెంతో సంతోషంగా అనిపించింది. రాయడానికి నాయనమ్మ ప్రార్థన పుస్తకాల చివరి ఖాళీ పేజీలు చింపి ఇచ్చాడు. అసలు ఉత్తరం మాత్రం తనవైపే తిప్పి పట్టుకున్నాడు. ఒకచోట ఆగి, ఇక్కడ చిరిగిపోయింది, కుర్రాళ్లు చేసే పని ఏదైనా రాసెయ్ అన్నాడు. నేను రాశాను.

ఇప్పుడు ఆ తెల్ల కాగితం గోధుమరంగులో ఉంది. నాన్న కవరు తెరవగానే టీ డికాక్షన్ వాసన వచ్చింది. అసలు ఉత్తరమంటూ ఏదీ లేదని నాకు అప్పుడు తెలిసింది.

నాన్న ఆ ఉత్తరాన్ని తన పక్కనే కూర్చున్న మావయ్యకి ఇవ్వలేదు. బల్ల చుట్టూ తిరిగి వెళ్లి ఎమెట్ తాతకి ఇచ్చాడు. ఎమెట్ తాత వాళ్ల అన్న ఓరెన్ నలభై నాలుగేళ్ల కిందట చలికాలంలో జర్మనీ అడవుల్లో చనిపోయాడు. ఎలా పోయాడో ఇంట్లోవాళ్లకి తెలియలేదు. వచ్చింది రెండు వాక్యాల టెలిగ్రామ్. ఈ సంగతి లోయలో అందరికీ తెలుసు.

ఉత్తరంలో పేరు లేదు. మన జిల్లావాడే ఒకడు నా పక్కనే పోయాడమ్మా, కొండ అవతలివాడు, బాధ పడలేదు, అని ఉంది. నాన్న చెబుతుంటే నేను రాసినప్పుడు అవి ఎవరి గురించో నాకు తట్టనే లేదు.

ఎమెట్ తాత పెదవులు కదుపుతూ చదివాడు. ఒకచోట ఆగి గట్టిగా చదివాడు. "బూట్లు తుడుచుకునేటప్పుడు కూడా ఈల వేసేవాడు."

ఆ వాక్యం నాది. చిరిగిందన్న చోట నేను పెట్టింది.

ఆయన గ్లవుజులు తీసి ముఖం తుడుచుకున్నాడు. గంటసేపు అంకెల మీద తిరిగిన భూతద్దం ఆయన మోచేతి పక్కనే ఉంది. దాన్ని కాగితం మీద పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఇనుము అబద్ధమాడితే పట్టుకుంటారు గానీ వీళ్లు కాగితాన్ని చూడరు.

తర్వాత ఆయన తన కోల్ట్ పిస్తోలుని నాన్నవైపు జరిపాడు. అది వాళ్ల నాన్న మొదటి ప్రపంచ యుద్ధంలో నడుముకి కట్టుకున్నది. దాని మీది పూత ఇంతవరకు ఎవరూ మళ్లీ వేయించలేదు. తొమ్మిదేళ్లుగా నాన్న అడుగుతుంటే, నాతోపాటు పూడ్చిపెట్టండి గానీ ఇవ్వను అనేవాడు. ఇప్పుడు తనే, ఇది తీసుకుని ఉత్తరమూ లూగరూ నాకిచ్చేయ్ రాయ్స్ అన్నాడు నాన్నతో. నాన్న తల గోక్కున్నాడు. ఇవ్వాలని లేదన్నాడు. నీ కోసం గనక అన్నాడు. మావయ్య తల వంచుకుని మీసం కింద నవ్వుకున్నాడు. ఉత్తరం దొంగదని ఆయనకీ తెలుసు. అమ్మ కడిగిన పళ్లేన్నే మళ్లీ తుడుస్తోంది.

నలుగురిలో నాకు మాట రాదు. అయినా, "నాన్నా, ఆ ఉత్తరం..." అన్నాను.

నాన్న నావైపు తిరగనైనా తిరగకుండా నవ్వాడు. "దీనికి పొద్దస్తమానం డైరీలో కథలు అల్లుకోవడమే పని. మొన్న మన పోస్టు మనిషి రష్యావాళ్ల గూఢచారి అని రాసింది."

నా డైరీ ఆయన చదివాడన్నమాట. అందరూ నవ్వారు, ఎమెట్ తాత కూడా.

ఎమెట్ తాత ఉత్తరాన్ని చొక్కా లోపల పెట్టుకుని, లూగర్ తీసుకుని బయల్దేరాడు. అమ్మ మిగిలిన గుడ్లు డబ్బాలో సర్ది, ఆయనకి ఇచ్చి రా అని నా చేతిలో పెట్టింది. నా ముఖంలోకి మాత్రం చూడలేదు.

ఆయన ట్రక్కు ఎక్కి కూర్చున్నాక చెప్పాను. ఒక్క గుక్కలో చెప్పాను, టీ సంగతి, ప్రార్థన పుస్తకాల పేజీల సంగతి. నమ్మినట్టు లేదు. జేబులో పెన్సిలు ఉంటే తీసి డబ్బా మీద కట్టిన కాగితం మీద ఆ ఈల వాక్యం రాసి చూపించాను. అదే వాలు, అవే అక్షరాలు.

ఆయన ఆ రాత చూశాడు. చొక్కాలోని ఉత్తరం మాత్రం తీయలేదు.

"మా ఓరెన్ ఈల వేసేవాడని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు తాతా. నేనే కల్పించాను."

"వాడు వేసేవాడు. ఇంట్లో ఈల వేస్తే మా అమ్మ గరిటె విసిరేది. నువ్వు కల్పించావా?"

"తెలియకుండానే రాశాను. కుర్రాళ్లందరూ వేస్తారు కదా అని."

ఆయన నా చేతివైపు, పెన్సిలు పట్టుకున్న వేళ్లవైపు చూశాడు. బూటుకి ఏదో అంటుకుంటే చూసినట్టు చూశాడు. నేను చేతిని వెనక్కి తీసుకున్నాను.

"కోల్ట్ వెనక్కి అడగండి తాతా. నేను అందరి ముందూ మళ్లీ రాసి చూపిస్తాను."

"మీ నాన్న మంచివాడు గనక నీ కథలకి నవ్వి ఊరుకున్నాడు," అన్నాడాయన. "చచ్చినవాడితో ఆటలేంటి నీకు?"

డబ్బా తిరిగి నా చేతుల్లోకి తోసి, ట్రక్కు తలుపు ధడాలున మూసేశాడు.