ఇలారియో చెవి

ఒరెస్తే గేరుపెట్టె పళ్ళచక్రాలను ఒక్కొక్కటే కిరసనాయిల్లో ముంచి, గుడ్డతో తుడిచి, కిటికీ వెలుగులో తిప్పి చూస్తున్నాడు. పదహారేళ్ళుగా పొద్దున్నే అదే పని. పొట్టి మనిషి, బట్టతల, ఎన్ని సబ్బులు రుద్దినా వదలని నలుపు గోళ్ళ కింద.

ఇవాళ జేబులో దినపత్రిక కూడా ఉంది. ఇటలీలోని ఫాయెంజా ఊళ్ళో పింగాణీ పలకలు చేసే తోనెల్లి గారు గుర్రాల కొట్టంలో ఒక్క పాత కారుతో కార్ల పందెం జట్టు ఎలా పెట్టారో, పెద్ద కంపెనీల అండ లేకుండా సొంత సొమ్ముతో ఎలా నెట్టుకొస్తున్నారో పేజీ నిండా రాశారు. ఇంజిన్లు చూసే ఇలారియో పేరు పదకొండు చోట్ల ఉంది. ఒరెస్తేకి కడుపు మండిపోయింది. కారు గెలిస్తే ఇలారియో ఇంజిను గెలిచిందంటారు. గేరు విరిగితే మాత్రం ఒరెస్తే గేరు విరిగిందంటారు. ఇదెక్కడి న్యాయం? తీరా అట్టడుగున ఫొటో కింద చూస్తే, "ఎడమ చివర ఒరెస్తే కాజాదేయి" అని ఉంది. అప్పట్నుంచీ మొహం మీది నవ్వు పోవటం లేదు.

పది గంటలకు ఇంజిను వినే వేళయింది. కారు పందేనికి బయల్దేరే ముందురోజు ఆ షెడ్డులో అదొక ఆచారం. ఇలారియో పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజినుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటాడు. అంతసేపూ ఎవరి బల్ల దగ్గర వాళ్ళు కదలకుండా నిలబడాలి. "వెళ్ళొచ్చు" అంటే కారు వెళ్తుంది. "విప్పండి" అంటే విప్పుతారు. విప్పిన ప్రతిసారీ లోపల ఏదో ఒక జబ్బు దొరికింది. ఆ చెవంటేనే ఒరెస్తేకి ఒళ్ళుమంట.

ఇలారియో అటు తిరిగి, వంగి, చాలాసేపు విన్నాడు.

"విప్పండి."

ఒరెస్తే తెల్లబోయాడు. తన చెవికి ఇంజిను నిక్షేపంలా ఉంది. విప్పనీ, ఈ ఒక్కసారైనా వీడి పరువు పోనీ అనుకున్నాడు.

రొట్టెలో మొర్తదెల్లా మాంసం ముక్కలు పెట్టుకుని నిలబడే తిన్నారు. పిస్టన్లు, బేరింగులు, వాల్వులు అన్నీ బల్ల మీద పరిచారు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. మధ్యాహ్నం జరగాల్సిన సాధన కాస్తా పోయింది. తోనెల్లి గారు వచ్చి ఒక పిస్టనును అటూ ఇటూ తిప్పి చూశారు.

"దీనికేం రోగం, ఇలారియో?"

"ఏమీ లేదయ్యా. నాదే తప్పు."

ఆయన కేకలేయలేదు. వెళ్తూ వెళ్తూ, "ఒరెస్తే, రేపు ముజెల్లో పందెంలో ఇంజిను నువ్వే విను," అన్నారు.

పదహారేళ్ళుగా కోరుకున్న మాట. ఒరెస్తేకి కాళ్ళు నేల మీద ఆనలేదు.

సాయంత్రం చేతులు కడుక్కుంటూ ఇలారియో అడిగాడు. "ఏరా, ఇవాళ పొద్దున్నించీ ఏమిటంత సంబరం?"

"పేపర్లో నా పేరు పడింది."

ఇలారియో అతని పెదాలకేసే చూస్తూ విన్నాడు. ఆ పైన కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"అదా. నేనింకా ఇంజిను చెడిందనుకున్నా."

"నా సంబరానికీ ఇంజినుకీ ఏమిటి సంబంధం?"

"నాకు చెవులు పోయి మూడేళ్ళయిందిరా. నీ మొహం చూసే చెప్తున్నా. ఇంజిను బాగుంటే నీ మొహం మాడిపోతుంది, ఎక్కడన్నా తేడా వచ్చిందా, వెలిగిపోతుంది. మూడేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు నీ ఏడుపు. నాకన్నా నీ చెవే మంచిది. నువ్వే ఎరగవు."

ఇలారియో చొక్కా మార్చుకుని, సైకిలు తీసుకుని, రేపటి నుంచి రానని చెప్పి వెళ్ళిపోయాడు. ఇక ఎవరిని చూసి ఏడవాలో ఒరెస్తేకి తెలియలేదు.

షెడ్డు ఖాళీ అయ్యాక అతను ఇంజిను పక్కన, ఇలారియో నిలబడే చోట, ఇలారియోలాగే వంగి చూశాడు. ఎదురుగా ఇనప రాటకు రాగి తీగతో కట్టిన గుండ్రటి అద్దం ఉంది, గడ్డం గీసుకునే చిన్న అద్దం, నిండా ఒరెస్తే బల్లే కనబడుతూ.