తండ్రి ఉన్నవాడు తల కోయకూడదు

ఓడ నడపడం అంత కష్టమేమీ కాదు. నడిపాక, నడిపింది తనేనా అని తేల్చుకోవడమే కష్టం. 'బోజ్‌తొర్గాయ్' ఓడ కెప్టెన్ ఓర్దబెక్‌కి ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. తెలిసినా ఒప్పుకునే రకం కాదు.

నక్షత్రాల మధ్య దూరం కలిసిరావాలని ఓడలు ఆకాశంలో మడత దాటుతాయి. ఆ మడతకి అవతల, చాప పక్కన చాప పరిచినట్టు, ఇంకో లోకం ఉంటుంది. అక్కడా ఇదే ఓడ, ఇదే జనం, ఇంచుమించు ఇవే తగాదాలు. మడత దాటే క్షణంలో చుక్కాని పట్టుకున్నవాడి జ్ఞాపకాల్లోంచి ఓ గుప్పెడు జారి పక్క లోకంలోని తన జోడీకి పోతాయి. ఆ జోడీగాడి గుప్పెడు ఇటు వస్తాయి. మిగతావాళ్ళకి ఏమీ కాదు. చుక్కాని కెప్టెన్ తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదు కాబట్టి, మా ఓడల్లో మతి పోగొట్టుకునే హక్కు కూడా ఆయనదే.

ఓసారి ఓర్దబెక్ మడత దాటి వచ్చి, ఓడలో ఏనాడూ లేని కుక్క కోసం మూలమూలా వెతికాడు. అది దొరక్కపోయేసరికి వంటామె షెకెర్‌బాలా వైపు అనుమానంగా చూశాడు. ఇంకోసారి ఇంజనీరు పిల్ల మర్జాన్‌ని పట్టుకుని, "మీ ఆయన కులాసానా?" అని అడిగాడు. పెళ్ళి కాని ఆ పిల్ల తొణక్కుండా, "కులాసాగానే ఉండుంటాడు, ఎక్కడున్నాడో తెలిస్తే మీకూ చెప్తా" అంది.

ఇలాంటి తంటాలు ఉంటాయనే మావాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. మడత దాటగానే గొర్రె తల ఉడికించి కెప్టెన్ ముందు పెడతారు. ఆయన కత్తి పుచ్చుకుని చెవి చిన్నవాళ్ళకి, అంగిలి ఆడపిల్లకి, కన్ను తన మనిషనుకున్నవాళ్ళకి, ఎవరిది వాళ్ళకి కోసి ఇవ్వాలి. సరిగ్గా పంచితే బుర్ర సరిగ్గా ఉన్నట్టు. తప్పితే తల పక్కవాడి ముందుకి జరుగుతుంది, తలతోపాటు ఓడా జరుగుతుంది. డాక్టర్లు పెట్టే పరీక్ష కంటే ఇదే మేలు. ఆఖరికి తినడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఆ వేళ మడత దాటి, కింద నేల కనపడుతుండగా నలుగురూ బల్ల చుట్టూ చేరారు. ఓర్దబెక్ మంచి హుషారుగా ఉన్నాడు. బయల్దేరే ముందు నాన్న బైమురాత్‌తో మాట్లాడాడు. ఆడగుర్రం ఈనిందనీ, పిల్ల కాళ్ళు వంకరగా ఉన్నాయనీ, "అచ్చం నీ కాళ్ళే, అయినా నిలబడింది" అనీ ముసలాయన ఫోన్లో ఇకిలించాడు. దిగగానే ఆ పిల్లని చూడాలి, దానికి కానుకగా ఏదో ఒకటి చదివించాలి అనుకుంటూ కూర్చున్నాడు. ఇంతలో షెకెర్‌బాలా పొగలు కక్కే పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టింది. గొర్రె తల ముక్కు ఆయన వైపే తిరిగి ఉంది.

తండ్రి బతికి ఉన్నవాడి ముందు తల పెట్టడమంటే తండ్రికి చావు కోరడమే. ఓర్దబెక్ నవ్వు తెచ్చుకుని పళ్ళేన్ని ఉపకెప్టెన్ తెమిర్ఖాన్ వైపు తోశాడు.

"షెకెర్ ఆపా, తల దారి తప్పింది."

"తప్పింది తల కాదులే," అని గొణిగింది షెకెర్‌బాలా. ఓడలో అందరికంటే పెద్దది ఆవిడే, అందరికీ అక్కే, కెప్టెన్‌ని 'ఒరే' అనగలిగింది ఆవిడొక్కతే.

"కానీ తెమిర్ఖాన్, కొయ్యి. మీ నాన్న పోయినప్పట్నుంచి నా బదులు కోసేది నువ్వేగా. చల్లారితే కొవ్వు గడ్డకడుతుంది," అన్నాడు ఓర్దబెక్.

తెమిర్ఖాన్ చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

"మా నాన్న పోవడమేంటి ఓరెకే?" అన్నాడు. ఓర్దబెక్‌ని అందరూ గౌరవంగా పిలిచే పేరు అది, కాని ఈసారి అందులో గౌరవం పాలు తక్కువ. "పొద్దున్నే ఫోన్ చేసి తిట్టాడు. సగం మోకాలి నొప్పిని, సగం నన్ను."

"ఊరుకోరా. సమాధి దగ్గర మట్టి వేసింది నేనే. భోజనాల్లో గుర్రం మాంసం సరిగ్గా ఉడకలేదు కూడా."

ఇక్కడ తెమిర్ఖాన్ సంగతి కాస్త చెప్పాలి. వాడికి ఈ ఓడ మీద ఎప్పట్నుంచో కన్ను. పనిమంతుడు, ఓడ ఇస్తే నడపగలడు. కాని ఈ లోకంలో ఓడ కావాలంటే తల కోయాలి, తల కోయాలంటే తండ్రి ఉండకూడదు. వాళ్ళ నాన్న జొల్దస్‌బాయ్ చూస్తే ఎనభై దాటినా కుమిస్ అనే పులిసిన గుర్రప్పాలు తాగి గుర్రమెక్కే మనిషి. "కొడుకు ఓడ అడుగుతున్నాడు, తండ్రి ఆయుష్షు అడుగుతున్నాడు, దేవుడు ఎవరి మాట వినాలి?" అని రేవుల్లో జనం పరాచికాలాడేవాళ్ళు. తెమిర్ఖాన్ పైకి నవ్వేవాడు. ఎప్పుడైనా ఒంటరిగా ఉన్నప్పుడు ముసలాయన ఇంకెన్నాళ్ళు అన్న ఆలోచన వచ్చేది, వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసేది. ఓర్దబెక్ మాట సరిగ్గా అక్కడే తగిలింది.

"పోయింది మా నాన్న కాదు, మీ నాన్న," అన్నాడు తెమిర్ఖాన్. "ఆరేళ్ళయింది. మీ దుఃఖం తెచ్చి మా ఇంటిమీద పెట్టకండి."

షెకెర్‌బాలా గరిటె తీసి వాడి నెత్తిమీద ఒక్కటి వేసింది. మావాళ్ళలో చావు కబురు మొహం మీద చెప్పడం మహా తప్పు. చేతిమీది డేగ ఎగిరిపోయిందనో, గుడారం నడిమి గుంజ ఒరిగిందనో, చుట్టూ తిప్పి, మనిషిని పట్టుకుని, కూర్చోబెట్టి చెప్పాలి.

"చావు కబురు ఇలాగా చెప్పేది? గొర్రెకి ఉన్నపాటి బుర్ర కూడా లేదా నీకు? అది ఉడికిపోయింది, అయినా నీకంటే నయం."

ఓర్దబెక్‌కి ముందు కోపం వచ్చింది. వీళ్ళ నాటకమంతా ఆయనకి అర్థమైపోయింది. మడత దాటిన కెప్టెన్‌కి ఏది చెప్పినా చెల్లుతుంది కదా అని, తెమిర్ఖాన్ ఓడ కోసం తన తండ్రిని చంపేస్తున్నాడు.

"ఓడ కావాలంటే అడుగు," అన్నాడు. "మా నాన్న జోలికి రాకు. నిన్న మాట్లాడానురా ఆయనతో. గుర్రప్పిల్ల కాళ్ళు వంకరన్నాడు."

"అయితే నాకు తల ఇచ్చి ఏం లాభం ఓరెకే? మా నాన్న ఉన్నాడు, నేనెలాగూ ముట్టుకోలేను," అన్నాడు తెమిర్ఖాన్. నెత్తి తడుముకుంటూనే అన్నాడు గాని, మాటలో మొదటి వేడి లేదు.

అది నిజం. గొర్రె తల బల్ల మధ్యన ఎవరికీ కాకుండా ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే కింద రేవు నుంచి పిలుపు వచ్చింది. దిగడానికి దారి ఖాళీ ఉంది, కెప్టెన్ వచ్చి మాట్లాడాలి అన్నారు. కెప్టెన్ భోంచేస్తున్నాడని మర్జాన్ చెప్పింది.

"ఏం భోజనమో," అంది షెకెర్‌బాలా. "ఈ మగాళ్ళ తండ్రుల సంగతి తేలేలోపు గొర్రె లేచి నడుచుకుంటూ పోతుంది."

ఓర్దబెక్ లేచి, "ఫోన్ చేస్తా," అన్నాడు. "అందరూ వినండి. విన్నాక తెమిర్ఖాన్, నువ్వు కింద దిగి మా నాన్న కాళ్ళ మీద పడాలి."

నాన్న నంబరు చూడక్కర్లేదు, ఆయనకి వచ్చు. గంట మోగింది. అవతల ఎవరో ఎత్తారు. రోడ్డు చప్పుడు, హారన్లు, ఒక కుర్రగొంతు.

"చెప్పండి. టాక్సీ కావాలా? కరగండా ఊళ్ళో అయితేనే వస్తా."

"బైమురాత్ గారిని పిలు."

అవతల హారన్ల చప్పుడు ఆగింది. బండి పక్కకి తీసినట్టున్నాడు.

"మళ్ళీ మీరేనా అగా," అన్నాడు ఆ కుర్రాడు, సొంత అన్నని పిలిచినట్టు. "చాన్నాళ్ళయిందే చేసి, బాగున్నారా?"

"నేను నీకెప్పుడూ చెయ్యలేదు."

"ఎందుకు చెయ్యలేదు? ఈ నంబరు నాకొచ్చిన కొత్తల్లోంచీ చేస్తున్నారుగా. మడత దాటాం, బైమురాత్ గారున్నారా అంటారు. లేరండీ, ఇది టాక్సీ అంటాను. పర్లేదు, వచ్చేసారి చూద్దాం అని పెట్టేస్తారు. మొదట్లో తాగి చేస్తున్నారనుకున్నా. తర్వాత అలవాటైపోయింది." కుర్రాడు గొంతు తగ్గించాడు. "ఈసారీ లేరండీ. ఏమనుకోకండి."

ఓర్దబెక్ ఫోన్ పెట్టేశాడు. ఈ ఫోన్ల సంగతి బల్ల దగ్గరున్నవాళ్ళకి కూడా తెలియదు. ప్రతి మడత తర్వాతా కెప్టెన్ తన గదిలోకి పోయి తలుపేసుకుంటే, నడుం వాలుస్తున్నాడనుకునేవాళ్ళు.

ఆయన కూర్చున్నాడు. తన జ్ఞాపకాల్లో ఆ ఫోన్లు లేవు. తండ్రి పోవడం లేదు, ఏడవడం లేదు, ఏమీ లేదు. ఉన్నదల్లా నిన్నటి మాట, వంకరకాళ్ళ గుర్రప్పిల్ల. అది ఈ లోకంలో పుట్టనే లేదు.

"ఇన్నేళ్ళూ వాడు, ఆ ఫోన్లు చేసిన నేను, వెతుకుతున్నాడు," అన్నాడు నెమ్మదిగా. "మడత దాటిన ప్రతిసారీ, నాన్న ఉన్న లోకానికి చేరానేమో అని."

"చేరాడు ఓరెకే," అంది మర్జాన్. ఆ పిల్ల చెప్పదలచుకున్నది చుట్టూ తిప్పడం ఎరగదు, కాని ఈసారి చాలా జాగ్రత్తగా మాట్లాడింది. "మీ గుప్పెడు ఇటొచ్చిందంటే ఆయన గుప్పెడు అటు పోయినట్టే. ఈపాటికి అక్కడ మీ జోడీ కత్తి పట్టుకుని తల కోయబోతూ ఉంటాడు. అక్కడి షెకెర్ ఆపా, మీ నాన్న బతికుండగా ఇదేం పొయ్యేకాలంరా అని గరిటె ఎత్తుంటుంది."

"ఎత్తకుండా ఉంటానా," అంది షెకెర్‌బాలా కళ్ళు తుడుచుకుంటూ.

"నమ్మడు వాడు," అన్నాడు ఓర్దబెక్. "గదిలోకి పోయి ఫోన్ చేస్తాడు. టాక్సీవాడు ఎత్తుతాడనుకుంటాడు." ఆయనకి నవ్వు వచ్చింది. "నాన్న ఎత్తి, ఇప్పుడే కదరా మాట్లాడావు, మళ్ళీ ఏం పుట్టి మునిగిందని తిడతాడు. అదృష్టవంతుడు వెధవ."

నవ్వుతూనే ఏడుపులోకి జారిపోయాడు. ఆపుకోవాలని కూడా చూడలేదు. ఆ జోడీ మీద ఈర్ష్య పుట్టింది, వాడి తరఫున సంతోషం పుట్టింది, అన్నిటికీ మించి నాన్న కావాలనిపించింది. యాభై ఏళ్ళ మనిషికి, ఓడ కెప్టెన్‌కి, చిన్నపిల్లాడిలా నాన్న కావాలనిపించింది. షెకెర్‌బాలా వచ్చి, ఆరేళ్ళ కిందట ఒకసారి పట్టుకున్నట్టే ఆయన భుజాలు పట్టుకుని గొంతెత్తి ఏడ్చింది. మర్జాన్ ఏడ్చింది. చావు ఇంటికి వెళ్తే ఎలా ఏడవాలో అలాగే ఏడ్చారు, పాత చావు అని తక్కువ చెయ్యలేదు. చివరికి తెమిర్ఖాన్ వచ్చి కావలించుకున్నాడు. వాడి నెత్తిమీద గరిటె తగిలిన చోట ఇంకా బొప్పి ఉంది.

"ఎలా పోయాడు?" అని అడిగాడు ఓర్దబెక్. "నాకెవరైనా చెప్పండి. నాకు తెలియదు."

షెకెర్‌బాలా చెప్పింది. మందని ఇంటికి తోలుకొచ్చి, టీ అడిగి, టీ చల్లారేలోపు పోయాడట. ఓడ ఆకాశంలో ఉంది. మర్నాడే ఖననం చేశారు. ఓర్దబెక్ చేరేసరికి నలభయ్యోనాటి భోజనాలు కూడా అయిపోయాయి. ఆయన శ్రద్ధగా విన్నాడు. టీలో పాలు పోశారా అని అడిగాడు. పోశారంది ఆవిడ. అది ఆవిడకి తెలిసే అవకాశం లేదని ఇద్దరికీ తెలుసు.

కింద నుంచి మళ్ళీ పిలుపు వచ్చింది. ఈసారి గొంతు కరుగ్గా ఉంది. కెప్టెన్ ఎవరో చెప్పండి, లేకపోతే దారి వేరే ఓడకి ఇచ్చేస్తాం అన్నారు.

ఓర్దబెక్ పళ్ళెం వైపు చూశాడు. కత్తి ముట్టుకోకపోతే నాన్న ఆయన మట్టుకు ఆయనకి బతికే ఉంటాడు, ఓడ పోతుంది. ఎవరూ తప్పు పట్టరు కూడా. మతి చెడిన కెప్టెన్లు గుర్రాలు మేపుకుంటూ బతకడం మావాళ్ళకి కొత్తేం కాదు. నిజానికి ఆయనకి ఆ క్షణంలో ఓడ మీద పెద్ద మోజు లేదు. కాని తను ముట్టుకోకపోతే ఆ కత్తి తెమిర్ఖాన్ ముందుకి పోతుంది. వాడు కోయలేడు, కోయకుండా ఓడ వదులుకోనూ లేడు. ఇవాళ కాకపోతే రేపు రేవులో ఎవడో ఒకడు, "ముసలాడు ఉంటేనేం, తల ముట్టుకో, ఏమవుతుంది?" అంటాడు.

పళ్ళేన్ని తన ముందుకి లాక్కున్నాడు. కుడిచెవి కోశాడు. అది చిన్నవాళ్ళ ముక్క, ఓడలో అందరికంటే చిన్నది మర్జాన్. ఆ పిల్ల చెయ్యి చాచింది. ఓర్దబెక్ ఆ చెవిని తెమిర్ఖాన్ చేతిలో పెట్టాడు.

ముక్క తప్పింది. పద్ధతి ప్రకారం తల అప్పుడే తెమిర్ఖాన్ ముందుకి జరగాలి. వాడు కెప్టెన్ మొహంలోకి చూశాడు.

"తండ్రి ఉన్నంతకాలం నువ్వే చిన్నవాడివి," అన్నాడు ఓర్దబెక్. "తిను."

మర్జాన్ చెయ్యి వెనక్కి తీసుకుంది. తెమిర్ఖాన్ చెవి నోట్లో పెట్టుకుని, ఇంకేమీ అనకుండా నమిలాడు. మిగతాది ఓర్దబెక్ వరసగా కోసి పంచాడు. అంగిలి మర్జాన్‌కి, కన్ను షెకెర్‌బాలాకి ఇచ్చాడు. ఆ తర్వాత కొవ్వు చేతుల్తోనే లేచి రేవుకి జవాబు చెప్పడానికి వెళ్ళాడు.

"బోజ్‌తొర్గాయ్ కెప్టెన్‌ని. బైమురాత్ కొడుకు ఓర్దబెక్‌ని మాట్లాడుతున్నా."

"గొంతు కలిసింది, పేరు కలవలేదు," అంది కింది గొంతు విసుగ్గా. "మా దగ్గర 'కీర్తిశేషులు బైమురాత్ కొడుకు' అని ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాలి, అది లేకుండా దించలేం."

వెనక బల్ల దగ్గర ముగ్గురూ నమలడం ఆపారు.

ఓర్దబెక్ కొవ్వు చేతులు బట్టలకి తుడుచుకున్నాడు. ఒకసారి చాల్లేదు, మళ్ళీ తుడుచుకున్నాడు.

"కీర్తిశేషులు బైమురాత్ కొడుకు ఓర్దబెక్," అన్నాడు.

"ఆఁ, ఇప్పుడు సరిపోయింది," అంది కింది గొంతు. "దిగండి."