జాగా లేని లెక్క

"అమావాస్యకు మగ్గం ఆగుతది గని ఇల్లు ఆగుతదా" అంటూ అత్త వెంకటనర్సమ్మ నూలు తెచ్చి కోడలు అండాలు ముందర పడేసి పోయింది.

పోచంపల్లి సాలెల ఇళ్లలో అమావాస్యనాడు మగ్గం గుంటలో ఎవరూ కాలు పెట్టరు. మామ సిద్దయ్య పొద్దున్నే తలంటుకుని, ఉతికిన ధోతి కట్టి, అరుగు మీద బీడీ ముట్టించి కూర్చున్నాడు. ఆయనకది సెలవు. మరి ఆడవాళ్లకో? గుంటలు ఊడ్చి అలకాలి, నూలుకు గంజి కాయాలి, మొగవాళ్లు ఇంటిపట్టునే ఉంటారు కనుక అడిగినప్పుడల్లా చాయ పెట్టాలి. కాస్త ఊపిరాడితే ఆసు పోయాలి. అరచందమామలా మేకులు దిగ్గొట్టిన చెక్క మీద ఒక్కో మేకుకూ దారం తగిలిస్తూ, చెయ్యి కిందికీ మీదికీ ఆడిస్తూ కూర్చోవడమే ఆసు పోయడం. దాన్ని పని అనరు. పని అంటే మగ్గం మీద మొగవాడు చేసేది. భుజం పడిపోయేది మాత్రం ఆడదానికి.

అండాలు ఇక్కడే పప్పులో కాలేసింది. పెళ్లికి ముందు మొదలుపెట్టిన పీహెచ్‌డీ ఆఖరి మెట్టుకు వచ్చింది. థీసిస్ ఇచ్చేసింది, ఇక మౌఖిక పరీక్ష ఒక్కటే మిగిలింది. మద్రాసు నుంచి పరీక్షకుడు వస్తున్నాడు, రెండు తేదీల్లో ఏది వీలో చెప్పమని ప్రొఫెసర్ కబురు పెడితే, ఏరి కోరి అమావాస్య కావాలంది. మగ్గాలు ఆగుతాయి కదా, తనకూ తీరిక దొరుకుతుందనుకుంది పిచ్చిది! సాలె ఇంటి బిడ్డ కాబట్టే ఆ తప్పు చేసింది. చిన్నప్పుడు ఆమెకు అమావాస్య అంటే బాపు ఊరికే ఉండే రోజు, బాపు పక్కన కూర్చుని పలక మీద లెక్కలు చేసుకునే రోజు. అమ్మ ఆ రోజంతా ఏం చేసేదో ఆమె ఎన్నడూ తలెత్తి చూడలేదు. పైగా, కోడలుపిల్ల అమావాస్యనాడు ప్రయాణం కట్టకూడదన్న మాట కూడా ఆ క్షణాన గుర్తు రాలేదు. గుర్తొచ్చేసరికి ఆ ఇంకో తేదీ కాస్తా గడిచిపోయింది. ఈ సాయంత్రమే పరీక్షకుడు మద్రాసు రైలెక్కి, అటు నుంచటే విదేశం పోతున్నాడు. మరొకరిని వెతికేలోగా ఆమె గడువు ముగిసిపోతుంది. అంటే, ఇవాళ కాకపోతే ఇక లేదు.

ఇంతకీ ఏమిటా చదువు? దూరం నుంచి రెండు కణాలు వస్తాయి, ఢీకొంటాయి, చెదిరి ఎటో పోతాయి. ఎటు పోయే అవకాశం ఎంతో చెప్పే లెక్కే స్కాటరింగ్ ఆంప్లిట్యూడ్. వచ్చినవేవో తెలుసు, పోయినవేవో తెలుసు, నడుమ ఏం జరిగిందని ఎవరూ అడగరు. ప్రొఫెసర్ నోట ఆ మాట మొదటిసారి విన్నప్పుడు అండాలుకు నవ్వొచ్చింది. అప్పటికి పెళ్లి కాలేదు మరి. ఇప్పుడు చూస్తే, ఈ ఇంటికి బియ్యం వస్తాయి, కంచాల్లోకి అన్నం పోతుంది. నూలు వస్తుంది, చీర పోతుంది. నడుమ ఉన్న మనిషిని ఎవరడిగారు గనక? ఆమె పట్టుకున్న చిక్కు ఇంకా లోతైనది. ఆ లెక్కలోకి గురుత్వాకర్షణను తెస్తే, ఎంత చిన్న చోటును చూడాలనుకుంటే అంత బలంగా ఢీకొట్టాలి, ఆ బలానికి ఆ చోటే వంగి చెడిపోతుంది. ఒక హద్దు దాటాక 'ఇక్కడ' అన్న మాటకే అర్థం ఉండదు. అయినా వచ్చినదానికీ పోయినదానికీ లెక్క కుదరాలంటే ఆంప్లిట్యూడ్ ఎంతకు మించకూడదు అన్నది ఆమె థీసిస్.

ఒకసారి అత్త అడిగితే, జాగా అనేదే ఉండదని తేల్చానని చెప్పింది. వెంకటనర్సమ్మ కడుపుబ్బ నవ్వింది.

"గది తేల్చెతందుకు హైదరాబాద్ దాక పోవాల్నా బిడ్డా? గీ ఇంట్ల మగ్గాలు వెట్టినంక మనం కాళ్లు సాపెతందుకు జాగ యాడున్నది?"

అత్త ఎగతాళిగానే అంది గానీ అండాలుకు ఆ మాటలో కోపం కనిపించలేదు. మొగుడి మాటలే ముళ్లై గుచ్చుకునేవి. పరమేశ్వర్ నల్లగొండలో ఫిజిక్సు లెక్చరర్, అక్కడే కిరాయి గదిలో ఉంటాడు. ఇంట్లో చేసేవాళ్లు లేరని పెళ్లాన్ని పోచంపల్లిలో వదిలాడు. పెళ్లిచూపుల్లో చదువుకోనిస్తానన్నదీ అతడే. స్నేహితులొస్తే మాత్రం, మా ఆమె లేని జాగా మీద లెక్కలు చేస్తది, ఉన్న జాగల కూర మాడినా చూడది అనేవాడు. వాళ్లు పడీ పడీ నవ్వుతుంటే చాయ గ్లాసులు అందించేది అండాలే. ఆమె కూడా కొంచెం నవ్వేది. ఎందుకు నవ్వానా అని తర్వాత వంటింట్లో తనను తానే తిట్టుకునేది.

నిన్న అతను రాగానే బతిమాలింది. అత్త గడప దాటనివ్వనంటోంది, తోడు వస్తే ఒప్పుకుంటుందని చెప్పింది. "సూద్దాం లే" అన్నాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని వేలాడింది. తెల్లవారకముందే గుంటలు అలికింది, గంజి కాచింది, ఇప్పుడు ఆసు ముందు కూర్చుని చెయ్యి ఆడిస్తోంది. పది గంటల బస్సు దగ్గరపడుతోంది. పరమేశ్వర్ తీరిగ్గా రొట్టె తింటున్నాడు. ఇక ఉండబట్టలేక, బయలుదేరుదామా అని అడిగేసింది.

"పోవుడెందుకు? నేను మొన్ననే ప్రొఫెసర్ సాబును కలిసి చెప్పొచ్చిన. ఆమె ఇగ రాదు సార్, ఇంట్ల పనులున్నయి అన్న. నువ్వు ఫికర్ జేయకు."

మొన్ననే! అంటే నిన్న సూద్దాం అన్నప్పటికే అంతా అయిపోయింది. అండాలు ఆసు మీద చెయ్యి ఆపి అతనికేసి చూసింది. మోసం చేశానన్న బెరుకు అతని మొహంలో ఏ కోశానా లేదు, మేలు చేశానన్న నిబ్బరమే ఉంది. అది చూసే ఆమెకు భయమేసింది. ఇలాగే రేపు, ఎల్లుండి, ముసలితనం దాకా, ఎక్కడో ఎవరికో తన తరఫున ఇతను మాట చెప్పి వస్తూనే ఉంటాడు, తనకు ఆ సంగతి రొట్టెల పూటకు తెలుస్తుంది. ఇప్పుడు పోతే మాత్రం ఏం లాభం? పరీక్షకుడు యూనివర్సిటీకి వస్తాడో రాడో. గది తలుపు తీసి ఉంటుందో లేదో. వెనక్కొస్తే ఈ ఇంటి తలుపు తీస్తారో లేదో. చచ్చిపోతే బాగుండుననిపించింది. ఆ తర్వాత, చస్తే కూడా ఆమె పోయింది సార్ అని ఇతనే పోయి చెప్తాడు కదా అనిపించింది.

దారాన్ని మేకు మీదే వదిలేసి లేచింది. చేతులు కడుక్కుంది. చీర కూడా మార్చుకోకుండా కాళ్లకు చెప్పులు తొడుక్కుంది. వెంకటనర్సమ్మ గడపకు అడ్డంగా నిలబడి కోడలి మొహంలోకి చూసింది. ఏం కనిపించిందో ఏమో, తిట్టలేదు, జరగలేదు కూడా. అండాలు పక్కకు ఒరిగి ఆమెను ఒరుసుకుంటూనే బయటికి వచ్చింది. అరుగు మీద సిద్దయ్య బీడీ నోట్లోనే మరిచిపోయాడు.

పరమేశ్వర్ ఎంగిలిచేత్తోనే వెంటపడ్డాడు.

"నువ్వు రావని చెప్పొచ్చిన గదనే. ఇప్పుడు నువ్వు వోతే నా మాట అబద్ధమైతది."

"గందుకే పోతున్న."