ఒక కప్పు నీళ్లు

1961 అక్టోబరు 14. వేయించిన పందిమాంసం, యాపిల్ గుజ్జు. చుక్క లేదు.

డిష్‌వాషర్ కింది రేకు విప్పినప్పుడల్లా ఎల్డెన్ మొదట చూసేది లోపలివైపు పెన్సిలుతో తాను రాసుకున్న ఆ వరుసనే. దాని కింద ముప్ఫయ్యయిదేళ్ల మరమ్మతులు, తేదీతో సహా. బాగు చేశాక ఏం తిన్న పళ్లేలతో యంత్రాన్ని పరీక్షించిందీ రాసేవాడు. నేల పొడిగా ఉంటే చివర 'చుక్క లేదు' అని చేర్చేవాడు.

ఈ గురువారం పొద్దున పాత తువ్వాలు పరుచుకుని, దాని మీద వెల్లకిలా పడుకుని, టార్చి పళ్ల మధ్య పెట్టుకుని పంపు విప్పుతున్నాడు.

"ఆ ముసలిదాని కింద గంట నుంచి ఉన్నావు. నా మొహం ఎప్పుడైనా అంతసేపు చూశావా?" అంది అతని భార్య వెర్నా.

ఎల్డెన్ టార్చి తీసి, "నీ మొహం కారదు కదే," అన్నాడు.

ఒహాయోలోని ఆ చిన్న ఊళ్లో ఇద్దరూ పనిచేసింది ఒకే బడిలో. అతను గదులు ఊడ్చేవాడు, బాయిలరు చూసేవాడు. ఆమె వంటశాలలో రోజుకు నాలుగు వందల పళ్లేలు కడిగేది. చలికాలంలో ఆమె వేళ్ల కణుపులు పగిలి నెత్తురు వచ్చేది. ఒకనాడు ఊళ్లో డాక్టరుగారి పాత ఇల్లు పడగొడుతుంటే, చెత్తలో పారేసిన ఈ యంత్రాన్ని అడిగి తెచ్చుకున్నాడు. రెండు నెలలు తుప్పు గీకాడు. "బళ్లో ఎలాగూ తప్పదు. ఇంట్లో మాత్రం నువ్వు పళ్లెం కడగొద్దు," అన్నాడు. ఆమె కడగలేదు.

ఇల్లు వదిలి ఎక్కడికైనా వెళ్తే, పంపు రబ్బరు ఎండిపోకుండా యంత్రం అడుగున ఒక కప్పు నీళ్లు పోసి వెళ్లాలి. ఈమధ్య వెర్నా చెల్లెలి ఊరికి రెండు వారాలకని వెళ్లేముందు, ఎల్డెన్ తొలిసారి ఆ సంగతి మరిచాడు. రబ్బరు ఎండి పగిలింది. కారిన నీళ్లలో వెర్నా జారి పడింది. తుంటికి దెబ్బ తగలలేదు, అదృష్టం.

మధ్యాహ్నం కొడుకు డ్వైట్ వచ్చి వంటింటి గడపలో నిలబడ్డాడు.

"నాన్నా, రేపు కొత్తది దింపుతారు. అమ్మ మళ్లీ పడితే?"

"తప్పు నాదిరా, దానిది కాదు. ఇవాళ రాత్రి భోజనాల దాకా ఆగు. ఒక్క చుక్క కారినా తీసుకుపో."

"ఒక్క చుక్క. మాట మాటే."

సాయంత్రం చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె తిన్నారు. ఎల్డెన్ పళ్లేలు సర్ది, యంత్రం కింద వార్తాపత్రిక పరిచి మీట తిప్పాడు. రేకు మీద తేదీ, వంటా రాసి గోడకు చేరేశాడు. పెన్సిలు చెవి వెనక పెట్టుకుని ముందుగదిలో తన కుర్చీలో కూర్చున్నాడు. నీళ్లు నిండడం, చిమ్మడం, దిగిపోవడం అతనికి అక్కడినుంచే తెలుస్తాయి.

"రెండోసారి కడుగుతోంది," అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు.

చప్పుడు ఆగాక వెర్నా కాగితం బయటికి లాగి చూసింది. అంచులు కూడా తడవలేదు.

"ఎల్డెన్, పొడిగా ఉందయ్యా! విన్నావా?"

అతను కుర్చీలో తల కాస్త పక్కకు వాల్చి ఉన్నాడు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

ఆదివారం ఎల్డెన్ సమాధి దగ్గర్నుంచి వచ్చి అందరూ భోంచేశాక, చర్చి ఆడవాళ్లు గౌను చేతులు పైకి మడిచి సింకు దగ్గరికి చేరారు. "ఈ ఇంట్లో ఎవరూ చేతులు తడుపుకోనక్కర్లేదు," అంది వెర్నా. డ్వైట్ పళ్లేలన్నీ యంత్రంలో సర్ది మీట తిప్పాడు. కొత్తదాన్ని అతను శుక్రవారమే వద్దని చెప్పేశాడు.

పొద్దుగూకేసరికి జనం వెళ్లిపోయారు. వెర్నాను కొన్నాళ్లు తన ఇంటికి తీసుకెళ్లడానికి డ్వైట్ పెట్టె కారులో పెట్టి వచ్చాడు. గోడకు చేరేసి ఉన్న రేకు తీసుకుని వెలుతురులో చూశాడు.

1996 మార్చి 21. చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె.

ఆ వరుస చివర ఖాళీ.

"పెన్సిలు ఉందా అమ్మా?"

వెర్నా తన కోటు జేబులోంచి ఎల్డెన్ పెన్సిలు తీసి ఇచ్చింది. డ్వైట్ మోకాళ్ల మీద కూర్చుని, తండ్రి రాతకన్నా పెద్ద అక్షరాలతో రాశాడు: చుక్క లేదు. రేకు బిగించాడు.

వెర్నా కొళాయి తిప్పి కప్పు నింపింది. యంత్రం అడుగున నెమ్మదిగా పోసి, ఖాళీ కప్పును లోపలి పై అరలో, గురువారం నుంచి అక్కడే ఉన్న ఎల్డెన్ పళ్లెం పక్కన బోర్లించి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.