తుస్సుమనే తుపాకీ

మార్లాకు ఒకచోట కుదురుగా ఉండటం చేతకాదు. బర్గర్ల కొట్టు కిటికీ దగ్గర ఆర్డర్లు తీసుకుంటున్నా మోకాలు ఆడుతూనే ఉంటుంది. ఆదివారం అడవిలో పెయింట్‌బాల్, అంటే తుపాకీతో రంగు గుళ్లు కొట్టుకునే ఆట, ఆడేటప్పుడు ఆ తొందరంతా వేలిలోకి దిగేది. బ్యాటరీ తుపాకీ మీట నొక్కితే చాలు, రంగు గుళ్లు వానలా కురిసేవి. చెట్లన్నీ నారింజ రంగులో తడిసి ముద్దయ్యేవి. అవతలి జట్టువాళ్లు మాత్రం పొడిగానే ఇంటికెళ్లేవాళ్లు.

శరదృతువులో కొలంబస్ నగరంలో పోటీ. అక్కడికెళ్లే జట్టులో ఒక్క చోటు మిగిలింది. ఏళ్ల తరబడి మార్లా ఆశంతా దాని మీదే. ఇళ్ల పైకప్పులు వేసే లీలండ్ ఆ జట్టుకు కెప్టెన్. అతను తన పాత పంపు తుపాకీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. వేసవంతా దీంతోనే ఆడాలనీ, సెప్టెంబరు ఆఖరి ఆదివారం తనను అవుట్ చేస్తే ఆ చోటు ఆమెదేననీ చెప్పాడు.

ఆ తుపాకీ ఒక్కసారికి ఒక్క గుండే పేలుస్తుంది. మళ్లీ పేలాలంటే కింది పిడిని వెనక్కి లాగి, మూతి నేలవైపు వంచి, పిడిని ముందుకు తొయ్యాలి. వంచితేనే పైగొట్టంలోని గుండు దొర్లి లోపల పడుతుంది. మార్లా లాగేది, తోసేది, వంచడం మాత్రం మరిచిపోయేది. మీట నొక్కితే ఉత్త గాలి, తుస్సుమని. జట్టులోని డ్వేన్ ఆమెకు అదే పేరు పెట్టేశాడు. సాండ్‌విచ్ పంచేటప్పుడు కూడా, "ఏయ్ తుస్సూ, ఆవాలపచ్చడి ఇటు అందుకో," అనేవాడు. ఆ తుపాకీని వాగులోకి విసిరేద్దామని ఆమెకు ఎన్నిసార్లు అనిపించిందో.

కానీ పేల్చడానికి ఒక్క గుండే ఉన్నప్పుడు చెయ్యడానికి ఏముంది, చూడటం తప్ప? చూడటం మొదలుపెట్టింది. ఏ పొద కదిలింది, ఎవరి మోచెయ్యి దుంగ దాటి బయటికొచ్చింది, ఎవరు ఎటు పరిగెత్తబోతున్నారు. ఒళ్లంతా చీమలు పాకుతున్నట్టుండేది. అయినా చూసేది. ఆగస్టు వచ్చేసరికి ఆమె గుండు తగలని మనిషి లేడు, లీలండ్ తప్ప.

ఆఖరి ఆదివారం వచ్చింది. చివరి ఆటలో ఇద్దరే మిగిలారు. లీలండ్ కేబుల్ తీగ చుట్టే పాత చెక్క చక్రం వెనక నక్కి, ఆమె ఉన్న చెట్టు మీద గుళ్లు కుమ్మరిస్తున్నాడు. ఆమె ఒకటి పేల్చింది. తప్పింది. పిడి చప్పుడు వినబడకుండా కోటు కిందే లాగి తోసి, ఫెర్న్ మొక్కల మధ్య బోర్లా పాకుతూ చుట్టూ తిరిగి వెళ్లింది. లీలండ్ ఇంకా ఆ చెట్టునే కొడుతున్నాడు. ఆమె అతని వీపు వెనక లేచి నిలబడింది.

అంత దగ్గర్నుంచి కొడితే దెబ్బ గట్టిగా తగులుతుంది. అందుకే ముందు లొంగిపొమ్మని అడగడం ఆ మైదానం మర్యాద. లొంగిపోతే అవుట్ అయినట్టే.

"లొంగిపో, లీలండ్."

అతను తుపాకీ దించకుండా మెల్లగా తల తిప్పాడు. "లోపల గుండుందా, తుస్సూ?"

మార్లా మనసులోనే గుర్తు చేసుకుంది. పిడి లాగింది, తోసింది. మూతి వంచిందా? బోర్లా పాకుతూ ఎలా వంచుతుంది? వంచే ఉంటుంది. లేదేమో. ఇప్పుడు నొక్కి అది తుస్సుమంటే ఆ చోటు పోయినట్టే. ఇప్పుడు వంచితే లోపల ఖాళీ అని అతనికి తెలిసిపోతుంది, అప్పుడూ పోయినట్టే. భయంతో చచ్చిపోతూ, గురి తప్పకుండా అలాగే నిలబడింది.

లీలండ్ ఆమె కళ్లజోడు వైపు చూశాడు. తర్వాత మోకాలి వైపు చూశాడు. అది ఆడటం లేదు. లొంగిపోతున్నట్టు చెయ్యెత్తాడు.

మైదానం గేటు దగ్గర ఒక వల ఉంటుంది. బయటికొచ్చే ప్రతి ఒక్కరూ అందులోకి పేల్చి తుపాకీ ఖాళీ చెయ్యాలి. మార్లా వంతు వచ్చింది. నొక్కింది.

తుస్.

డ్వేన్ నవ్వబోయి ఆగాడు. "అయితే ఆ ఆట లెక్కలోకి రాదుగా?"

"లొంగిపోయానంటే లొంగిపోయినట్టే," అన్నాడు లీలండ్. "చోటు ఆమెదే."

డ్వేన్ వెళ్లాక అతను గొంతు తగ్గించాడు. "లోపల లేదని తెలిసే అలా నిలబడ్డావా?"

తెలుసని చెప్పొచ్చు. చెబితే ఎంత గొప్పగా ఉంటుంది! మార్లా మోకాలు మళ్లీ ఆడటం మొదలుపెట్టింది.

"తెలీదు. వంచానో లేదో గుర్తు రాలేదు. అదే ఆలోచిస్తూ కదలడం మర్చిపోయా."

లీలండ్‌ను జీవితంలో బెదరగొట్టిన ఒకే ఒక్క గురి అది.

"కొలంబస్‌లో కూడా," అన్నాడు అతను, "ఏదో ఒకటి మర్చిపో."