అత్త మార్చిన మాత్రలు

పొద్దున లేచేసరికి కోడలి వేళ్ళు బుడ్డ వంకాయల్లా వాచి ఉండేవి. కత్తెరలో బొటనవేలు దూరేది కాదు. యూనిఫాంలు కుట్టే దుకాణంలో గుడ్డ కత్తిరించే బల్ల ఆమెది. సోమవారం నుంచి పని సాగకపోతే ఆ బల్ల తన బామ్మర్దికి ఇచ్చేస్తానని యజమాని తెగేసి చెప్పాడు.

మాత్రలు మింగుతున్నా వాపు ఎందుకు తగ్గదో అడుగుదామని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. వెంట అత్త. మొగుళ్ళిద్దరూ పోయాక ఒకే గదిలో ఒకరినొకరు కాల్చుకు తింటున్నారు గానీ, ఒకరు లేకుండా ఒకరు గడప దాటరు.

"రోగాలతో పోరాడే కణాలకి మీ ఒంట్లో కళ్ళు నెత్తికెక్కాయి. మీ కీళ్ళనే పరాయివనుకుని మీద పడుతున్నాయి," అంది డాక్టరమ్మ.

"పనీపాటా లేకపోతే అంతే," అంది అత్త.

"వాటిని 'ఇక చాల్లే' అని అదిలించే కణాలు కూడా ఉంటాయండీ. వాటి సంగతి ఈమధ్యే బాగా తెలుస్తోంది. వాటిని బయట పెంచి ఒంట్లోకి ఎక్కించి చూస్తున్నారు. అదింకా పరీక్షల్లోనే ఉంది. అందాకా నేను రాసిన పసుపురంగు మాత్రే గతి."

"అదిలించేవంటే ఇంటికి పెద్దదిక్కన్నమాట. నాలాగ."

"మీలాంటివైతే కీళ్ళు ఎప్పుడో ఇల్లు వదిలి పారిపోయేవి, అత్తయ్యా."

డాక్టరమ్మ నవ్వాపుకుని మాత్రల సీసా అడిగింది. ఒకటి అరచేతిలో వేసుకుని చూసింది. "ఇది నేను రాసింది కాదే. ఉత్త బలం మాత్ర!"

అత్త తలెత్తి ఫ్యాను రెక్కలు చూడసాగింది.

"అత్తయ్యా!"

"మందుల షాపువాడే చెప్పాడే, అది రోగనిరోధక శక్తిని తగ్గిస్తుందని. ఉన్న శక్తి తగ్గించే మాత్ర చూస్తూ చూస్తూ ఎవరైనా పెడతారా? అందుకే మార్చేశా. రంగు కూడా కలిసింది."

"తగ్గించడానికేనమ్మా ఇచ్చింది!" డాక్టరమ్మ నెత్తి పట్టుకుంది. "మళ్ళీ మొదలుపెట్టినా పనిచెయ్యడానికి వారాలు పడుతుంది."

కోడలు వాచిన వేళ్ళ వంక చూసుకుంది. సోమవారం ఎల్లుండే. దారి పొడుగునా అత్త నోరు విప్పలేదు. ఎదురింటావిడ చూసి, ఆవిడకి జ్వరమేమోనని కంగారుపడింది.

సోమవారం ఇద్దరూ దుకాణానికి వెళ్ళారు. అత్త తిన్నగా బల్ల దగ్గరికి పోయి కత్తెర అందుకుంది.

"ఈ ముసలావిడెవరు?" అన్నాడు యజమాని.

"నా కుడిచెయ్యి," అంది కోడలు. సుద్దముక్కని పిడికిట్లో బిగించి గుడ్డ మీద గీత గీసింది. "గీత మీదే పోనివ్వండి. మీ ఇష్టమొచ్చినట్టు కాదు."

"నాకు తెలుసులేవే."

"మీకు తెలిసే మనం ఇలా తగలడ్డాం. ఆగండి, అక్కడ తిప్పాలి."

అత్త ఆగింది. కోడలు చెయ్యమంటే ఆవిడ చెయ్యడం అదే మొదలు. పళ్ళు పటపటలాడించింది గానీ, కత్తెర మాత్రం చెప్పినట్టే తిప్పింది.

యజమాని ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. వంక దొరకలేదు. బల్ల వాళ్ళకే వదిలేశాడు. పోట్లాట మాత్రం బయట పెట్టుకోమన్నాడు.